పెడన మీదుగా బందరు బండి

ప్రణతి పెట్టె సర్దుకుని ఆదివారానికి నాలుగు రోజులైంది. ఆ పెట్టె పడగ్గదిలో మంచం మీదే ఉంది. ఆమె కింద చాప వేసుకుని పడుకుంటోందే గాని దాన్ని దించలేదు, విప్పలేదు. కట్టుకోవడానికి దండెం మీద మిగిలిన రెండు చీరలే మార్చి మార్చి కడుతోంది.

అత్తగారు దుర్గాంబ పొద్దున్నే ఆ గది ఊడవడానికి వెళ్ళి, పెట్టె వంక చూసి, మంచం దాకా ఊడ్చి వెనక్కి వచ్చేసింది.

హాల్లో బుచ్చిబాబు పంచాంగమూ, రైళ్ళ వేళలు రాసుకున్న కాగితమూ ముందేసుకుని కూర్చున్నాడు. హైస్కూల్లో ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా చేసిన మనిషి. ఏ పనికైనా ముందు గళ్ళు గీసిన కాగితం ఉండాలి ఆయనకు. కోడలు పెడనలో పుట్టింటికి వెళ్ళిపోతానంటోందని ఆయనకు తెలియక కాదు. తెలిసీ ఆ మాట ఎత్తడు. నలుగురు మనుషులు తక్కువ ఖర్చుతో సముద్రానికి వెళ్ళిరావడం ఎలాగ అన్నదొక్కటే ఆయన చేతిలో ఉన్న సంగతి. అందుకని దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"అన్ని పూటలా పులిహోర వద్దు దుర్గా. వెళ్ళే రోజు పులిహోర, మర్నాడు రొట్టెలు. దద్దోజనం ఈ ఎండకి పులిసిపోతుంది" అన్నాడు.

తిండి సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు గది సంగతి తేల్చమంది దుర్గాంబ.

గది దగ్గరే మొదలైంది గొడవ.

కొడుకు ప్రద్యుమ్న అవనిగడ్డలో రొయ్యల మేత కంపెనీలో పని చేస్తాడు. సోమవారం పొద్దున్న వెళ్తే శనివారం సాయంత్రానికి గుడివాడ చేరతాడు. దివిసీమలో ఏ చెరువు గట్టు ఎవరిదో అతనికి తెలుసు. కోడూరులో కంపెనీకి రెండు గదులున్నాయి, పనివాళ్ళ బంధువులకు ఊరికే ఇస్తారు. అక్కణ్ణించి పాలకాయతిప్ప ఆటోలో వెళ్ళొచ్చు. కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూడొచ్చు, హంసలదీవిలో స్వామి దర్శనమూ అవుతుంది. అద్దె అన్న గడిలో సున్నా చుట్టి, ఆ సున్నాను చూసుకుని బుచ్చిబాబు మురిసిపోయాడు.

"అటు వద్దు నాన్నగారూ" అన్నాడు ప్రద్యుమ్న.

"అదేంట్రా? ఊరికే ఇస్తారని నువ్వే కదా చెప్పావు."

"రోడ్లు బాగాలేవు."

"వారం వారం నువ్వు తిరిగే రోడ్లే కదా."

"వద్దన్నాను కదండీ" అన్నాడతను. ఆ గొంతు విని వంటింట్లో ప్రణతి తిప్పుతున్న గరిటె ఆగింది. కాసేపటికి మళ్ళీ తిరిగింది.

బుచ్చిబాబు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, సున్నా మీద గీత కొట్టాడు. ఆ ఇంట్లో కొన్నేళ్ళుగా ఎవరూ ఏదీ రెండోసారి అడగరు.

ఇక మిగిలింది బందరు, దానికి దగ్గర్లో మంగినపూడి తీరం. బందరులో ఆయన పాత స్నేహితుడు గంగాధరరావు మేడ మీద గది ఖాళీగా ఉంది. ఫోను చేస్తే రమ్మన్నాడు, చాపలు మాత్రం తెచ్చుకోమన్నాడు. గుడివాడ నుంచి ప్యాసింజరు బండి. బందరు నుంచి మంగినపూడికి ఆటో. అక్కడికి అది తేలింది.

తర్వాత రోజు సంగతి. బుచ్చిబాబు మంగళవారం అన్నాడు. మంగళవారం, శుక్రవారం సముద్రంలో దిగకూడదంది దుర్గాంబ. సోమవారం అన్నాడాయన. ఏ పర్వమూ లేకుండా సముద్రాన్ని ముట్టుకోకూడదంది. పౌర్ణమికి వెళ్దామంటే జనం, ఆటోవాళ్ళు చెప్పిందే రేటు. చివరికి ఆయన వేలు పంచాంగంలో గురువారం మీద ఆగింది. అమావాస్య. పర్వానికి పర్వమూ అయింది, అమావాస్యనాడు సరదాకి బయల్దేరేవాళ్ళు ఉండరు గనక ఆటోలూ దొరుకుతాయి. బుధవారం పొద్దున్న బండెక్కడం, గురువారం స్నానం. పాడ్యమినాడు ప్రయాణం పనికిరాదు, కాని శుక్రవారం మధ్యాహ్నానికే పాడ్యమి వెళ్ళిపోతుంది కాబట్టి సాయంత్రం బండికి వచ్చేయొచ్చు.

"ఇంత చవగ్గా ఎవడూ వెళ్ళి ఉండడు" అన్నాడు తనలో తను.

దుర్గాంబకు కావలసింది చవకా కాదు, సరదా కాదు.

నాలుగేళ్ళ కిందట ప్రణతికి ఐదో నెల. ప్రద్యుమ్న స్నేహితులతో మంగినపూడి వెళ్ళి, సముద్రంలో దిగి, ఒళ్ళంతా ఇసుకతో నవ్వుతూ ఇంటికొచ్చాడు. భార్య కడుపుతో ఉన్నవాడు సముద్రస్నానం చేయడు, జుట్టు కత్తిరించుకోడు. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అది. దుర్గాంబ కోప్పడితే అతను ఆమె చుట్టూ చేతులు వేసి ఇంకా నవ్వాడు. పది రోజులకు బిడ్డ పోయింది.

ఆస్పత్రి వసారాలో, ప్రణతి అన్న శ్యాంబాబు, అతని భార్య, ఇంకా పది మంది ఉండగా దుర్గాంబ అంది. "సముద్రంలో దిగావు కదరా. ఇంకెక్కడి బిడ్డ?"

ఏడుపులో అన్న మాట. తిరిగి తీసుకుందామంటే ఎక్కడని వెతకాలి? అది కొడుకు లోపలికి వెళ్ళి కూర్చుంది. రెండోసారి ప్రణతికి నెల తప్పిన రోజు నుంచి అతను మంగలి దగ్గరకు వెళ్ళలేదు, బందరు వైపే వెళ్ళలేదు. ఆ బిడ్డా నాలుగో నెలలోనే పోయింది. ఆ తర్వాత భార్యాభర్తలు ఒకరితో ఒకరు ఏమి మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో దుర్గాంబ ఎరగదు.

అందుకే కోడలు పెట్టె సర్దిన రోజున ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఒక్కసారి అందరం సముద్రానికి వెళ్ళొద్దాం, ఆ తర్వాత నీ ఇష్టమని బతిమాలింది. ప్రణతి చాలాసేపు ఆలోచించి, మీకోసం వస్తానత్తయ్యా అంది.

ఆ నీళ్ళ గురించి అన్న మాటను ఆ నీళ్ళ దగ్గరే కడిగేసుకోవాలని దుర్గాంబ ఆశ. అది కొడుకుతో చెప్పడానికి ఆమెకు ఆదివారం మధ్యాహ్నం దాకా పట్టింది. భోజనాల దగ్గర, ప్రణతి పెరట్లోకి వెళ్ళినప్పుడు, మజ్జిగ పోస్తూ చెప్పింది.

"గురువారం పొద్దున్న మీరిద్దరూ కొంగులు ముడివేసుకుని మునగండి నాన్నా. ఉత్తరీయం నేను సర్దాను."

ప్రద్యుమ్న అన్నం కలపడం ఆపాడు.

"నేను దిగనమ్మా. మీరు ముగ్గురూ చేయండి. నేను ఒడ్డున సామాను చూస్తాను."

"అంత దూరం వెళ్ళి ఒడ్డున కూర్చుంటావా?"

"దిగను."

తల వంచుకుని అన్నాడు. వంచిన ఆ తల వంక దుర్గాంబ అప్పుడు చూసింది. జుట్టు చెవుల మీదికి పడి ఉంది. వెనక చొక్కా కాలరును దాటింది. ఉగాదికి తలంటుతూ, క్షవరం చేయించుకోరాదా అంటే, తీరిక లేదన్నాడు. అంతకు ముందు నెలా అదే మాట. ఆమె దాన్ని దిగులనుకుంది.

మజ్జిగ గిన్నె కింద పెట్టేసింది. ఒక్క క్షణం ఆమెకు కళ్ళు మసకలు కమ్మాయి. పిచ్చి పిల్లలు. రెండుసార్లు అందరికీ చెప్పుకుని పోగొట్టుకున్నారు, ఈసారి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నారు. కోడలు పుట్టింటికి వెళ్తానన్నది అందుకా! తల్లి దగ్గర మంచం దిగకుండా ఉండొచ్చని!

ఆమె చేయి కడుక్కోకుండానే పెరట్లోకి నడిచింది.

ప్రణతి తీగ మీద బట్టలు తీస్తోంది. దుర్గాంబ వెనగ్గా వెళ్ళి ఆ బట్టల మోపు ఆమె చేతుల్లోంచి లాక్కుంది.

"ఎన్నో నెల తల్లీ?" అంది మెల్లిగా.

"ఏంటత్తయ్యా?"

"నాకు కూడా చెప్పకూడదనుకున్నావా? ఫర్వాలేదులే. నేనెవరితోనూ అనను. మీ మావయ్యగారితో కూడా అనను."

ప్రణతికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వింది. ఆ నవ్వు వినడం కంటే ఏడుపు వినడం నయం.

"మొన్న గురువారమే కదత్తయ్యా నేను తలంటుకున్నది. కుంకుడుకాయలు మీరే కొట్టి ఇచ్చారు."

నిజమే. తన చేత్తోనే కొట్టి ఇచ్చింది. ఐదు రోజులూ ప్రణతి పూజగదిలోకి రాలేదనీ తనకు తెలుసు. తెలిసిన సంగతిని కూడా మరిచిపోయేంత ఆశ ఎక్కణ్ణించి వచ్చిందో దుర్గాంబకు తెలియలేదు. బట్టలు గుండెలకు ఆనించుకుని అలాగే నిలబడింది.

కాని లెక్క అక్కడ ఆగలేదు. జుట్టు పెంచుతున్నాడు. సముద్రంలో దిగనంటున్నాడు. కోడూరు వైపు వద్దంటున్నాడు. కడుపుతో ఉన్నది ప్రణతి కాదు.

"ఎందుకడిగారు?" అంది ప్రణతి. తర్వాత తనే, "ఆయన నీళ్ళల్లో దిగనన్నారా?" అని అడిగింది.

దుర్గాంబ బట్టల మోపులోకి తల వంచుకుంది.

"ఇంకా అదే భయమా?" అంది ప్రణతి. తీగ మీద మిగిలిన తువ్వాలు తీసి మడత పెడుతూ చెప్పుకుపోయింది. ఆ నాలుగేళ్ళలో ఆమె అత్తగారితో ఒక్కసారిగా అన్ని మాటలు చెప్పింది అదే. తన బాధ పిల్లలు లేరని కాదట. తనను చూసినప్పుడల్లా ఆయన ఏదో తప్పు చేసిన మనిషిలా కళ్ళు దించేసుకుంటాడట. శనివారం వచ్చి సోమవారం వెళ్ళేదాకా అలాగే కళ్ళు దించుకుని తిరుగుతాడట. ఇదివరకు అప్పుడప్పుడూ అయినా తలెత్తేవాడు, ఈ మధ్య అదీ లేదట.

"ఆ చూపు నేను మొయ్యలేనత్తయ్యా. మీరన్న మాట నేను ఎప్పుడో మరిచిపోయాను. ఆయనే మరిచిపోలేదు. నాతో పాటు ఆ నీళ్ళల్లోకి వచ్చి ఒక్కసారి మునిగి లేస్తే చాలు, ఆ భయం వదిలించుకున్నారని నాకు తెలుస్తుంది. ఇంటికొచ్చి ఆ పెట్టె నేనే విప్పుతాను."

"దిగుతాడమ్మా" అంది దుర్గాంబ.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు.

"అన్నారా?"

"అన్నాడు. దిగుతానన్నాడు."

దీపాలు పెట్టే వేళకు ప్రద్యుమ్న మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఒక్కడే నిలబడి ఉన్నాడు. దుర్గాంబ మోకాళ్ళ నొప్పితో మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. ఎక్కి, ఆయాసం తీరేదాకా గోడ పట్టుకుని ఆగింది.

"ఎవర్రా?" అంది.

ఏమిటని అతను అడుగుతాడని ఆమె చిట్టచివరి ఆశ. అతను అడగలేదు.

"నవ్యశ్రీ అని. కోడూరులో చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తుంది."

"ఎన్నో నెల?"

"ఐదు."

"నీకు పెళ్ళయిందని తెలుసా ఆ పిల్లకి?"

"తెలుసు."

కింద వీధిలో ఐసుబండి వాడు గంట కొట్టుకుంటూ వెళ్ళాడు. బండి మలుపు తిరిగింది. తర్వాత ప్రద్యుమ్న తనంతట తను చెప్పడం మొదలుపెట్టాడు. మొదట ఉత్త స్నేహమేనట. ఆ పిల్ల ముందు అతనికి తల దించుకోవలసిన పని లేకపోయిందట. బందరు నుంచి వచ్చాక ప్రణతికి చెప్దామనుకున్నాడట. దుర్గాంబకు సగం వినిపించింది, సగం వినిపించలేదు. ఆమె మనసంతా గురువారం పొద్దుటి మీద ఉంది.

"నా మాట విను" అంది. "ఒక్కసారి దిగు. మోకాళ్ళ లోతు చాలు. నాకు ప్రణతి కావాలిరా. ఆ పిల్ల వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాకెవరూ లేరు."

అతను తలెత్తి తల్లిని చూశాడు. చాలా రోజుల తర్వాత.

"దిగితే ఈ బిడ్డ కూడా పోతే?"

"ప్రద్యుమ్నా..."

"నువ్వే కదమ్మా అన్నావు."

అది ఉత్త మాట నాయనా అనబోయింది. నోటి దాకా వచ్చింది. కాని ఉత్త మాటో కాదో ఆమెకే తెలియదు. ఉత్త మాట కాకపోతే, ముక్కూ మొహం తెలియని ఒక ఆడపిల్ల కడుపులో బిడ్డను పణం పెట్టమని కొడుకును అడుగుతోంది. ఉత్త మాటే అయితే, నాలుగేళ్ళుగా ఈ ఇంటిని కాల్చుకు తింటున్నది తన నోరే. రెండింటిలో ఏది నిజమైనా ఆమె నిలబడడానికి చోటు లేదు.

మెట్లు దిగడం ఎక్కడం కంటే కష్టమైంది.

ప్రద్యుమ్న ఆ వారానికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. సోమవారం, మంగళవారం దుర్గాంబ చింతపండు పులుసు తీసింది, వేరుశెనగపప్పు వేయించింది, చాపలు దులిపి చుట్టింది. ఎవరు పలకరించినా ఊఁ అంది. బుచ్చిబాబు టార్చిలైటు బ్యాటరీలు మార్చుకుంటూ, నీకేమైనా ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. లేదంది.

మంగళవారం సాయంత్రం ఆమె ఆ గదిలోకి వెళ్తే మంచం ఖాళీగా ఉంది. పెట్టె కిందికి దిగి, గోడవారగా మంచం కిందకు చేరింది. ప్రణతి చిన్న సంచిలో రెండు చీరలు మాత్రం పెట్టుకుంటూ అత్తగారిని చూసి, "ఇవి చాలు కదా?" అంది. మొహం తేటగా ఉంది. దుర్గాంబ వారం రోజులుగా దేవుడికి మొక్కుకున్నది ఆ పెట్టె కిందికి దిగాలనే.

బుధవారం బందరు ప్యాసింజరు గుడివాడలో పది నిమిషాలు ఆలస్యంగా కదిలింది. బుచ్చిబాబు కాగితం మీద అది కూడా రాసుకున్నాడు. కిటికీ దగ్గర ప్రణతి కూర్చుంది. పుట్టింటివాళ్ళు పెట్టిన కలంకారీ చీర కట్టుకుంది. ఎదురుగా దుర్గాంబ, పక్కన పులిహోర డబ్బా. ప్రద్యుమ్న కూర్చోకుండా వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

గుడ్లవల్లేరు వెళ్ళింది. కవుతరంలో ఎవరో ముంజలు అమ్మకానికి తెస్తే, బుచ్చిబాబు బేరమాడి, కొనకుండా పంపించేశాడు. ప్రణతి నవ్వింది. ఈ నవ్వు మంచి నవ్వు. అది చూసి దుర్గాంబ కిటికీ బయటికి మొహం తిప్పుకుంది.

ప్రణతి లేచి, పైన పెట్టిన తన సంచిలోంచి పసుపు రాసిన ఉత్తరీయం తీసి ఒళ్ళో పెట్టుకుంది. అంచు సరిచేస్తూ అంది, "మీ సంచిలో నలిగిపోతోందని నా దాంట్లో పెట్టానత్తయ్యా. ముడి మీరే వేస్తారా, నన్నే వేసుకోమంటారా?"

"చూద్దాంలే అమ్మా."

వడ్లమన్నాడు దాటింది. ఆ తర్వాత స్టేషను పెడన.

దుర్గాంబకు రేపటి పొద్దున్న కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఈ పిల్ల చీర చెంగు పట్టుకుని నీళ్ళ అంచున నిలబడి పిలుస్తుంది. వాడు ఇసుకలో చెప్పుల పక్కన నిలబడి రాడు. ఎండలో వాడి జుట్టు కనిపిస్తుంది. ప్రణతి మందబుద్ధి కాదు. అత్తగారు పెరట్లో ఎన్నో నెల అని ఎందుకు అడిగిందో అప్పుడు గుర్తొస్తుంది. ఆ నీళ్ళల్లో, అమావాస్య స్నానానికొచ్చిన ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య, ఒళ్ళో పెట్టి ఓదార్చే మనిషి లేని చోట. చెప్పలేదేమని తనను కూడా ఒక్క చూపు చూస్తుంది. ఆ తర్వాత ఇక చూడదు.

పెడన స్టేషను నుంచి ఈ పిల్ల తల్లి ఇల్లు నడిచి వెళ్ళేంత దూరం.

బండి వేగం తగ్గింది. బయట అద్దకం గుడ్డలు ఆరేసిన బయలు కదిలి వెనక్కి పోతోంది, నీలం, ఎరుపు, మళ్ళీ నీలం. ప్రణతి వాటిని చూస్తూ, ఈ ఎండకి మా అమ్మ ఎలా ఉందో, శుక్రవారం తిరిగొచ్చేటప్పుడు కిటికీలోంచైనా చూస్తే బాగుండు, స్టేషనుకు రమ్మని ఫోను చేస్తానంది.

బండి ఆగింది.

దుర్గాంబ లేచింది. పైన పెట్టిన చిన్న సంచి కిందికి లాగింది. ఒక చేత్తో కిటికీ చువ్వ పట్టుకుని, రెండో చేత్తో ఆ సంచి కోడలి ముందు పెట్టింది.

"లేమ్మా" అంది. "పెడన వచ్చింది."

"పెడనేంటే?" అన్నాడు బుచ్చిబాబు కాగితంలోంచి తలెత్తి. "మన టిక్కెట్లు బందరుకి."

ప్రణతి కదలలేదు. సంచి వంక చూసింది. అత్తగారి మొహం వంక చూసింది. ఆ తర్వాత తలుపు దగ్గర నిలబడిన మొగుడి వంక చూసింది. అతను ఇటు తిరగలేదు. మెడ మీద జుట్టు గాలికి లేచి పడుతోంది. ఆమె చూపు ఆ జుట్టు మీద ఆగింది, ఆగి అక్కడే ఉండిపోయింది.

"అత్తయ్యా" అంది, చూపు తిప్పకుండా. "దిగుతానన్నాడని మీరే కదా నాతో చెప్పారు?"

ఉత్తరీయం ఆమె ఒళ్ళోంచి జారి, పులిహోర డబ్బా మీద పడింది. ఎవరూ తీయలేదు.

ఆ బండి పెడనలో రెండు నిమిషాలు ఆగుతుంది. ఒక నిమిషం అప్పుడే అయిపోయింది.